గవ్వ వెయ్యి, దేశం చెప్తా: అవ్వల ఆటల్లో దాగిన ప్రపంచ పటం

ఈ రోజు ఎపిసోడ్‌కి కావలసిన సామాను చాలా తక్కువ. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, ఒక సుద్దముక్క. వీటితో మనం తిరుపతి నుంచి బయల్దేరి జర్మనీ, మాల్దీవులు, ఘానా, దక్షిణాఫ్రికా చుట్టి రాబోతున్నాం. వీసా అక్కర్లేదు, చివరిదాకా చూస్తే చాలు.

ముందు ఒక ప్రశ్న. వేరే దేశాల గురించి పిల్లలకు చెప్పాలంటే మన బడుల్లో సాధారణంగా ఏం చేస్తారు? ఫ్యాన్సీ డ్రెస్ పెడతారు. ఒక పాపకి జపాన్ అని చెప్పి చేతికి విసనకర్ర ఇస్తారు. ఇంకో పిల్లాడికి ఆఫ్రికా అని చెప్పి మొహానికి నల్లరంగు పూస్తారు, చేతికి ఈటె ఇస్తారు. అందరూ నవ్వుతారు, ఫోటో తీస్తారు, స్టేటస్ పెడతారు. ఆ పిల్లాడు ఆ రోజు నేర్చుకున్నది ఏంది? ఆఫ్రికా అంటే నవ్వుకునే వేషం అని. ఆఫ్రికా ఒక దేశం కూడా కాదు, అందులో యాభైకి పైగా దేశాలున్నాయి. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు.

దీనికంటే మంచి దారి మన ఇళ్లల్లోనే ఉండింది. అవ్వలు ఆడే ఆటలు. అవి మనవి మాత్రమే అనుకుంటాం గానీ, వాటికి ప్రపంచమంతా చుట్టాలున్నారు. ఆట దాదాపు ఒకటే, కానీ ఒక్కో దేశం ఆ కాయలకి, ఆ గడులకి ఏం పేరు పెట్టిందో, ఏ రూల్ మార్చిందో చూస్తే ఆ మనుషులు మనకు అర్థమవుతారు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే.

తిరుమల నుంచే మొదలుపెడదాం. శ్రీవారి గుడికి దగ్గర్లోనే హథీరాం బావాజీ మఠం ఉంది. ఆయన ఉత్తరాది నుంచి వచ్చిన భక్తుడు. కథ మీకు తెలిసే ఉంటుంది. నాగార్జున గారి ‘ఓం నమో వేంకటేశాయ’ సినిమా, 2017లో వచ్చింది, ఈ కథే. ఏడుకొండలవాడే రాత్రిపూట బావాజీ దగ్గరకి వచ్చి పాచికలు ఆడేవాడట. ఒకరోజు స్వామి నగ మఠంలో దొరికితే బావాజీని దొంగ అన్నారు. నిజం నిరూపించుకోమని గదినిండా చెరుకు పెట్టి తలుపేశారు. రాత్రి ఏనుగు వచ్చి అంతా తినేసింది. అందుకే హాథీ రాం. ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. చరిత్ర ఏమంటే, 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల గుడి నిర్వహణను ఈ మఠం మహంతుకి అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా, అంటే తొంభై ఏళ్లు, మహంతులే చూసుకున్నారు.

నాకు ఈ కథలో నచ్చేది ఒకటుంది. వేరే భాష, వేరే ప్రాంతం నుంచి వచ్చిన మనిషి మన దేవుడికి ఎట్లా దగ్గరయ్యాడని అడిగితే, మన జనం చెప్పిన జవాబు పెద్ద పాండిత్యమో, పెద్ద యాగమో కాదు. కూర్చుని ఆట ఆడాడు. అంతే. కొత్త మనిషితో పరిచయానికి ఆట కంటే దగ్గర దారి లేదని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు మీ ఫోన్లోకి వద్దాం. లాక్‌డౌన్లో లూడో ఆడని వాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తరు, నాకు తెలుసు. ఆ లూడో తాతగారి పేరు పచ్చీసు. హిందీలో పచ్చీస్ అంటే ఇరవై ఐదు, ఆ ఆటలో గవ్వలకి పడే పెద్ద పందెం అది. 1890ల్లో ఇంగ్లండు వాళ్లు దాన్ని చిన్న అట్టమీదకి తెచ్చి, గవ్వలు తీసేసి, ఆరు ముఖాల డైస్ పెట్టి, లూడో అని లాటిన్ పేరు పెట్టారు. అర్థం ‘నేను ఆడుతున్నా’ అని. అదే ఆట స్పెయిన్లో పార్చీస్ అయింది.

జర్మనీలో ఏమైందో వినండి. జోసెఫ్ ఫ్రీడ్రిష్ ష్మిత్ అనే ఆయన తన పిల్లల కోసం ఇట్లాంటి ఆట ఒకటి తయారుచేసి, 1914లో అమ్మకానికి పెట్టాడు. మొదట్లో పెద్దగా పోలేదు. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన మూడు వేల పెట్టెలు సైనికుల ఆసుపత్రులకి పంపించాడు. గాయాలతో మంచం మీద ఉన్న సిపాయిలు ఆడారు, ఇళ్లకి పోయి పిల్లలకి నేర్పారు, అట్లా దేశమంతా పాకింది. దాని పేరు ‘మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్’. అంటే, ‘మనిషీ, కోపం తెచ్చుకోకు’. గమ్యం ముందు కాయ చచ్చిపోతే మనకి ఎంత మండుతుందో, అక్కడ కూడా అంతే మండుతుందన్నమాట. జర్మనీ రాజధాని ఏది అని బట్టీ పట్టిన పిల్లాడికి ఆ ఊరి పేరు తెలుస్తుంది. ఈ ఆట పేరు విన్న పిల్లాడికి అక్కడి మనుషులు తెలుస్తారు.

ఇప్పుడు మన అష్టాచెమ్మా. ఐదు వరసలు, ఐదు నిలువులు, ఇరవై ఐదు గడులు. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. కుప్పం వైపు పోయారంటే మీకు ఇదే ఆటకి మూడు పేర్లు వినబడొచ్చు. తెలుగులో అష్టాచెమ్మా, కన్నడలో చౌకాబారా, తమిళంలో దాయం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా అది. మన చిత్తూరు జిల్లా పుట్టిందే అట్లా: 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తీసి కలిపారు. కాబట్టి వేరే సంస్కృతి అంటే విమానం ఎక్కి చూడాల్సిందేమీ కాదు. సరిహద్దులో పిల్లలకి అది పక్కవీధి.

ఇక్కడొక చిన్న అనుమానం రావాలి మీకు. తిరుపతికి, చిత్తూరుకి ఊరి పక్కన సముద్రం లేదు. మరి మా అవ్వ చిక్కంలో అన్ని గవ్వలు ఎక్కడివి? గవ్వ అంటే సముద్రపు జీవి పెంకు. పాతకాలంలో ఆటకీ, డబ్బుకీ వాడిన ఆ చిన్న పసుపు గవ్వలకి అతిపెద్ద పుట్టిల్లు మాల్దీవులు. అవును, డబ్బుకే. ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటాం కదా, అది ఊరికే పుట్టిన మాట కాదు. గవ్వ ఒకప్పుడు చెల్లిన నాణెం. 1340ల్లో ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు మాల్దీవుల్లో ఉన్నప్పుడు ఈ గవ్వల వ్యాపారం గురించి రాశాడు. ఆ గవ్వలు బెంగాల్‌కి పోయేవి, బియ్యం వెనక్కి వచ్చేది.

తర్వాత యూరప్ కంపెనీలు వచ్చాయి. వాళ్లు ఇవే గవ్వల్ని ఓడల్లో పశ్చిమాఫ్రికాకి మోసుకెళ్లారు. అక్కడ కూడా గవ్వే డబ్బు. ఆ డబ్బుతో ఏం కొన్నారు? మనుషుల్ని కొన్నారు. బానిసలుగా. మనం అష్టా పడాలని ఊపిరి బిగబట్టి విసిరే ఆ గవ్వకి ఈ చరిత్ర కూడా ఉంది. పిల్లలకి ఇది చెప్పొచ్చా అంటే, పదేళ్లు దాటినవాళ్లకి తప్పకుండా చెప్పొచ్చు. చేతిలో గవ్వ పెట్టి చెప్తే మర్చిపోరు.

ఆ పశ్చిమాఫ్రికాలోనే మన ఇంకో ఆటకి చుట్టం ఉంది. వామనగుంటలు. పాతవాళ్లు ఓమనగుంటలు అంటారు. చెక్కలో పద్నాలుగు గుంటలు, ఇటు ఏడు, అటు ఏడు. చెక్క లేకపోతే మట్టిలో గుంటలు. ఒక్కో గుంటలో సమానంగా చింతగింజలు. మీ గుంటలో గింజలన్నీ తీసుకుని ఒక్కోటి పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్లీ పంచాలి. తర్వాతి గుంట ఖాళీగా ఉంటే, దాన్ని దాటి ఆ పక్క గుంటలో ఉన్నవి మీవి. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది, దాని మీద పోట్లాట కూడా ఉంటుంది. తమిళంలో ఇది పల్లాంగుళి. ఆడేటప్పుడు గుంటలో నాలుగు గింజలు చేరితే వాళ్లు పసు అంటారు, అంటే ఆవు. అశోకవనంలో సీతమ్మ పొద్దుపోక ఈ ఆట ఆడుకుందని చెప్పుకుంటారు.

శ్రీలంకలో ఇట్లాంటిదే ‘ఒలింద’ ఆట. ఒలింద అంటే మన గురివింద గింజ. ఇండోనేషియాలో చొంగ్‌క్లాక్. ఫిలిప్పీన్స్‌లో సుంగ్కా. కజకిస్తాన్లో తొగుజ్ కుమలక్, తొమ్మిదేసి గుంటలు, మొత్తం 162 గింజలు. దీన్ని, కిర్గిజ్‌స్తాన్, తుర్కియేల్లోని దాని అక్కచెల్లెళ్లని కలిపి 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో పెట్టింది. ఘానాలో ఒవారే, ఆరేసి గుంటలు, నలభై ఎనిమిది గింజలు.

ఒవారేలో ఒక రూల్ ఉంది. జాగ్రత్తగా వినండి. ఎదుటివాడి వైపు గుంటలన్నీ ఖాళీ అయిపోతే, నా దగ్గర వీలుంటే, నేను అతని వైపు గింజలు పోయేట్టుగానే ఆడాలి. అంటే ఎదుటివాడికి తిండి పెట్టి ఆట సాగించాలి. మన వామనగుంటల్లో ఇంకో రకం. ఓడినవాడు తన దగ్గర మిగిలిన కొద్ది గింజలతో ఎన్ని గుంటలు నిండితే అన్నే నింపుకుని, మిగతావి మూసేసుకుని, తర్వాతి ఆటకి కూర్చుంటాడు. పేదరికంతోనే మళ్లీ మొదలు. కానీ ఆటలోంచి పొమ్మనరు, ఆ కొద్ది గింజలతోనే గెలిచి లేచిన వాళ్లూ ఉంటారు. రెండూ ఆడించి, తర్వాత పిల్లల్ని అడగండి: ఏ రూల్ న్యాయం? ఎందుకు? వాళ్లు గంటసేపు వాదించుకుంటారు. ఆ వాదన అయ్యాక ఘానా అనే పేరు వింటే వాళ్లకి ఈటె గుర్తురాదు. తెలివైన ఆట ఒకటి గుర్తొస్తుంది.

ఆ ఆట సముద్రం కూడా దాటింది. బానిసలుగా ఓడ ఎక్కించిన వాళ్ల దగ్గర సామాను ఏమీ లేదు. చెక్క లేదు, గింజలు లేవు, కొన్నాళ్లకి సొంత పేరు కూడా లేదు. ఆటను మాత్రం తలలో మోసుకెళ్లారు. దిగిన చోట నేలలో గుంటలు తవ్వుకున్నారు. కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా ఆంటిగ్వాలో, దాన్ని వారీ అనే పేరుతో ఇప్పటికీ ఆడతారు. వివ్ రిచర్డ్స్ పుట్టిన ఆంటిగ్వా. క్రికెట్ పిచ్చోళ్లకి ఈ ఒక్క మాట చాలు, మ్యాపులో వెతుక్కుంటారు.

మన జిల్లాల వాళ్లు కూడా ఓడలెక్కారు. అది బానిసత్వం కాదు, ఒప్పందం కూలీ, కానీ కష్టం తక్కువేం కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో మూడొందల పైచిలుకు మంది. ఆ తర్వాత యాభై ఏళ్లలో నాటాల్ చెరుకు తోటలకి ఎన్నో ఓడలు పోయాయి. అట్లా పోయినవాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లు చాలామంది. ఇప్పటి మన తిరుపతి, చిత్తూరు, పలమనేరు అప్పుడు ఆ జిల్లాలోనివే.

వాళ్ల మునిమనవలు ఉంటున్న దక్షిణాఫ్రికాలో మొరబరబ అనే ఆట ఆడతారు. గీతల మీద కాయలు పేర్చి, మూడు వరసగా వస్తే ఎదుటివాడి కాయ తీసేయాలి. విన్నారు కదా, ఎక్కడో ఆడినట్టు లేదూ? మన దాడి ఆటే! మనకి ఎక్కువ చోట్ల తొమ్మిదేసి కాయలు, వాళ్లకి పన్నెండేసి. మనం మూడు కలిస్తే దాడి అంటాం, శత్రువు మీద పడ్డట్టు. జర్మనీలో ఈ ఆట పేరు మ్యూలె, అంటే పిండిమర. దక్షిణాఫ్రికాలో ఆ కాయల్ని ఆవులు అంటారు. పశువులు కాసే పిల్లలు ఆడుకున్న ఆట కదా, పోయిన కాయ పోయిన ఆవు కింద లెక్క. ఒకే మూడు కాయలు. ఒకచోట యుద్ధం, ఒకచోట పిండిమర, ఒకచోట పశువుల మంద. ఒక్కో నేల బతుకు ఆ పేర్లలో ఉంది.

పులిజూదం కూడా అంతే, త్వరగా చెప్పేస్తా. మన దగ్గర మూడు పులులు, పదిహేను మేకలు. నేపాల్లో నాలుగు పులులు, ఇరవై మేకలు, పేరు బాఘ్ చాల్. యూరప్‌లో పులుల్లేవు కదా, అక్కడ ఇట్లాంటి ఆటలో ఒక నక్క, చుట్టూ బాతులు. ఎక్కడైనా నీతి ఒకటే: చిన్నవి కలిసి నిలబడితే పెద్దది కదల్లేదు. మన ఆటల్ని సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలతో సమానంగా పట్టించుకున్నారు. 1955లో తెలుగుకి మొదటి సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే వచ్చింది.

ఇక వైకుంఠపాళి. వైష్ణవుల ఇళ్లల్లో వైకుంఠ ఏకాదశి రాత్రి జాగారానికి ఇది ఆడేవాళ్లు. నిచ్చెనలకి సత్యం, భక్తి, జ్ఞానం అని పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. పైన పరమపదం. దాదాపు దాని గుమ్మం ముందే ఒక పెద్ద పాము. ఇది ఇంగ్లండుకి పోయినప్పుడు నిచ్చెనలు పొదుపు, కష్టపడి పనిచేయడం లాంటి గుణాలయ్యాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్నే తీసేసి పార్కులో ఉండే జారుడుబల్లలు పెట్టింది. పిల్లలు భయపడతారని. మన ఫోన్లో ఉన్నదాంట్లో పాములున్నాయి, నిచ్చెనలున్నాయి, పేర్లు లేవు. ఎందుకు ఎక్కామో తెలీదు, ఎందుకు పడ్డామో తెలీదు. నంబరు పడింది, పడ్డాం. నాకు బాధ అనిపించేది ఇక్కడే. ఫోన్లో ఆట మిగిలింది, కథ పోయింది.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఇవన్నీ విన్నాక ‘ప్రపంచంలో ఆటలన్నీ మన దగ్గర్నుంచే పోయాయి’ అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకండి దయచేసి. పచ్చీసు పోయింది, వైకుంఠపాళి లాంటి ఆటలు పోయాయి, అది నిజం. గుంటల ఆటకి ఆఫ్రికాలో మనకంటే ఎన్నో రకాలున్నాయి, చాలా పాతవి ఉన్నాయి. దాడి గీతలు ఈజిప్టులో కుర్నా అనే చోట గుడి రాళ్ల మీద ఉన్నాయి, షేక్‌స్పియర్ నాటకంలో దాని ప్రస్తావన ఉంది. గుడి మూడు వేల ఏళ్లది కాబట్టి ఆట కూడా అంతే పాతది అని కొందరు రాశారు. కానీ తర్వాత వచ్చినవాళ్లు కూడా అదే రాయి మీద గీయొచ్చు కదా! రాతికి ఉన్న వయసే గీతకి ఉండాలని లేదు. మన పాత మండపాల్లో అరుగుల మీద పులిజూదం గీతలు కనబడినా ఇదే లెక్క. గొప్పలు చెప్పుకోడానికి చరిత్ర చదివితే అవతలి దేశం మళ్లీ చిన్నదైపోతుంది. అప్పుడు మొహానికి రంగు పూసినదానికీ, దీనికీ తేడా ఏముంది?

మన ప్రాంతం నుంచి నిజంగా బయటికి పోయినదాని గురించి గర్వపడాలంటే ఒకటి చెప్తాను. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో, 1895లో. ఆ దగ్గర్లోనే రిషివ్యాలీ బడి ఉంది. 1980ల నుంచి ఆ బడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ చదివే చిన్న బడులు నడిపింది. అక్కడ గోడ మీద ఒక పటం, దాని మీద మెట్టు మెట్టుగా పాఠాలు. దాన్ని వాళ్లు నిచ్చెన అంటారు! ఒక్కో మెట్టుకి కార్డులు, ఆటలు. పిల్లలు గుంపులుగా కూర్చుని, వచ్చినవాళ్లు రానివాళ్లకి చెప్తూ, ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. ఈ నిచ్చెనలో పాములుండవు. వారం రోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలు. ఈ పద్ధతి వేరే రాష్ట్రాల సర్కారు బడులకి పాకింది. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా దీన్ని నేర్చుకుని పనిచేశారు. వాళ్ల ‘కోపం తెచ్చుకోకు’ మనం విన్నాం, మన నిచ్చెన వాళ్లు చూశారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

సరే, మరి మీరు ఏం చేయొచ్చు? ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు, పక్కింటి పిల్లలు ఓ ఆరుగురు ఉంటే చాలు. ఇద్దరిద్దర్ని ఒక జట్టు చేయండి. మొదటి రోజు మూడు జట్లకీ మన వామనగుంటలే నేర్పండి. గుడ్లట్ట ఉంటే అదే పలక, లేకపోతే నేలమీద సుద్దతో గుండ్రాలు. రెండో రోజు ఒక జట్టుకి ఘానా రూల్, ఒక జట్టుకి మన రూల్, ఒక జట్టుకి ఇండోనేషియా రూల్. ఇండోనేషియా వాళ్లకి రెండు చివర్ల పెద్ద గుంటలుంటాయి, గెలిచిన గింజలు దాచుకునే ఇల్లు అన్నమాట. మూడో రోజు జట్లు కలిపేయండి. అప్పుడు వస్తుంది అసలు మజా. ‘మా రూల్ ఇది’, ‘కాదు మాది ఇది’ అని గొడవ మొదలవుతుంది. వెంటనే మధ్యలోకి దూరకండి. కాసేపు అరుచుకోనీండి. ఆట సాగాలంటే రెండు జట్లూ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి రావాలి. ఎదుటివాడు తప్పు ఆడట్లేదు, వేరేగా ఆడుతున్నాడు అని పిల్లలకి తెలిసే క్షణం అదే. ఇంకో దేశం గురించి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం కూడా అదే.

ఇంకొక్క పని. మీ అవ్వనో, తాతనో కూర్చోబెట్టి వాళ్ల రూల్స్ ఫోన్లో రికార్డు చేయండి. ఎన్ని గింజలు, ఏ మాట అంటారు, ఓడితే ఏం చేస్తారు, అన్నీ. ఊరు పేరు కూడా చెప్పించండి. పుంగనూరులో ఆడే తీరు, శ్రీకాళహస్తిలో ఆడే తీరు ఒకటి కాకపోవచ్చు. ఇవి ఎక్కడా రాసిపెట్టి లేవు, ఆ ముసలి తలల్లోనే ఉన్నాయి. ఆంటిగ్వా వాళ్లు అంత నరకంలో కూడా ఆటను తలలో మోసుకుపోయి కాపాడుకున్నారు. మన చేతిలో నూట ఇరవై ఎనిమిది జీబీ ఉంది, రెండు నిమిషాల వీడియోకి చోటు లేదంటే ఎట్లా చెప్పండి?

మీ ఊళ్లో వామనగుంటలకి ఏ పేరు ఉందో, గుంటకి ఎన్ని గింజలో రాసి పంపండి. తర్వాతి ఎపిసోడ్లో ఊళ్ల పేర్లతో సహా చదువుతా. ఉంటాను మరి. చింతగింజలు పారేయకండి!